మధురపూడి నుంచి దుబాయ్‌కి ఎప్పుడండి? పాఠకుల ప్రశ్నలకి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మన మధురపూడిలో ఉన్న రాజమండ్రి ఎయిర్‌పోర్టు గురించి రెండు ముక్కలు రాశాను, రన్‌వే పొడుగ్గా ఉంది కదా అని ఫారిన్ ఫ్లైట్ వచ్చి వాలిపోదండి అన్నాను, అంతే. కోనసీమ నుంచీ పశ్చిమ డెల్టా నుంచీ తిట్లూ ప్రశ్నలూ కలిపి వాట్సాప్‌లో వచ్చి పడ్డాయి. తిట్లు నేను దాచుకుంటాను, ప్రశ్నలకి మాత్రం జవాబు చెప్తాను. కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట, నేను రావులపాలెంలో పదహారేళ్ళు టికెట్ల షాపు నడిపినవాణ్ణి, అంతకుముందు నాలుగేళ్ళు షార్జాలో సామాన్ల బెల్టు దగ్గర పనిచేశాను. పైలట్‌ని కాదు, కాబట్టి ఆకాశంలో సంగతులు అడక్కండి, నేల మీద లెక్కలు అడగండి.

ప్రశ్న: మన రన్‌వే ఇప్పుడు 3,165 మీటర్లు. ఢిల్లీకీ ముంబైకీ పెద్ద విమానాలే ఎగురుతున్నాయి. కోనసీమలో వీధికి నలుగురు గల్ఫ్‌లో ఉన్నారు. దుబాయ్‌కో కువైట్‌కో ఒక్క ఫ్లైట్ వేయడానికి ఏంటండి అడ్డం? – ఓ పాఠకుడు, అమలాపురం

మీ కోపం న్యాయమేనండి. 2024 డిసెంబర్‌లో ముంబైకీ ఢిల్లీకీ మొదలైన డైరెక్ట్ ఫ్లైట్లలో ఎలాంటి విమానం తిరుగుతోందో అలాంటిదే దుబాయ్‌కి కూడా వెళ్ళగలదు, మధురపూడి నుంచి దుబాయ్ దాదాపు 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. రన్‌వేతో పేచీ లేదు. పేచీ అంతా సీట్లతోనే.

కాగితం పెన్ను తీసుకోండి. ఏ320 విమానంలో 186 సీట్లు అనుకోండి. వారానికి మూడు రోజులు, రానూ పోనూ అంటే ఆరు ట్రిప్పులు, ఏడాదికి 52 వారాలు, మొత్తం 58,032 సీట్లు. ఖర్చులు గిట్టాలంటే నూటికి 85 సీట్లన్నా నిండాలి అనుకుందాం, అంటే 49 వేల పైమాట. ఇప్పుడు మన గల్ఫ్ మనిషి సంగతి చూడండి, రెండేళ్ళ కాంట్రాక్టు, రెండేళ్ళకోసారి చుట్టీ (సెలవు), వచ్చేటప్పుడు ఒక సీటు, పోయేటప్పుడు ఒక సీటు, అంటే సగటున ఏడాదికి ఒక్క సీటు. వారానికి మూడంటే మూడే ఫ్లైట్లు ఏడాది పొడుగునా నిలబడాలంటే ఇలాంటివాళ్ళు 49 వేల మంది, అందరూ ఒకే గల్ఫ్ సిటీకి, ఒకే కంపెనీ టికెట్ మీద, అందరూ మధురపూడి గేటులోంచే వెళ్ళాలన్నమాట. అదే రోజూ ఒక ఫ్లైట్ కావాలంటే సీట్లు 1,35,780, అందులో 85 శాతం అంటే లక్షా పదిహేను వేలు.

మనవాళ్ళు ఒకే సిటీలో ఉంటే బానే ఉండును. నా షాపు రిజిస్టర్ తీస్తే ఒకే పేజీలో కువైట్, మస్కట్, దోహా, బహ్రెయిన్, దుబాయ్, రియాద్ అన్నీ కనపడేవి. రాజోలు వైపు ఒక వీధిలో అక్క కువైట్, చెల్లి మస్కట్, బావగారు దోహా. వీధికి నలుగురు ఉన్నమాట నిజం, ఆ నలుగురూ నాలుగు దేశాల్లో ఉన్నమాట ఇంకా నిజం. పైగా డెల్టా మొత్తం మధురపూడిదా అంటే అదీ కాదు. భీమవరం వాళ్ళకి మధురపూడి ఎంత దూరమో గన్నవరం ఇంచుమించు అంతే. తుని వైపు వాళ్ళు విశాఖ చూస్తారు. (గన్నవరం అంటే విజయవాడ దగ్గరది అండోయ్, మన పి.గన్నవరం కాదు. నవ్వకండి, నా షాపులో ఒకాయన "ఎయిర్‌పోర్టు అక్విడెక్టుకి ఇవతలా అవతలా" అని సీరియస్‌గా అడిగాడు.)

ఇక సీజన్ గొడవ. మా షాపు ఎదురుగా అరటి మార్కెట్ యార్డు ఉండేది, గెలలు ఎక్కించుకున్న లారీ డ్రైవర్లు అక్కడ టీ తాగుతూ మాట్లాడుకునేది ఒకటే మాట, రిటన్ లోడు. ఇక్కణ్ణుంచి లోడు ఎవడైనా ఇస్తాడు, అటునుంచి ఖాళీగా వస్తే డీజిల్ ఎవరిది అని. విమానానికీ అదే బాధ. భోగికి ముందు వారం డెల్టాకి వచ్చే సీటు ఎంత పెట్టినా దొరకదు, అదే విమానం తిరిగి వెళ్ళేటప్పుడు సగం ఖాళీ. ముక్కనుమ వెళ్ళాక సీను తిరగబడుతుంది. జులైలో అక్కడ స్కూళ్ళకి సెలవులు, ఫ్యామిలీలు వస్తాయి, ఆగస్టు చివర్లో అందరూ ఒక్కసారే వెనక్కి. రంజాన్ నెలలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి సెలవు దొరకటం కష్టం. ఏడాదిలో ఓ రెండు మూడు నెలలు సీట్లు చాలవు, మిగతా నెలలు నిండవు. మనం చూసేది ఆ రెండు మూడు నెలలే, ఎందుకంటే మనం టికెట్ కోసం తిరిగేది అప్పుడే కాబట్టి. కంపెనీ వాడు పన్నెండు నెలలూ చూస్తాడు.

దీనికి తోడు కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, హెల్త్ ఆఫీసర్, అదనపు సెక్యూరిటీ, రాత్రి పూట దిగితే విమానాలకి దారి చెప్పే ఏటీసీ వాళ్ళకీ ఫైర్ వాళ్ళకీ ఇంకో షిఫ్టు. ఫ్లైట్ వారానికి మూడు రోజులే వచ్చినా జీతాలు నెలంతా ఇవ్వాల్సిందే కదండి.

ప్రశ్న: విజయవాడ నుంచి సింగపూర్‌కి ఫ్లైట్ అని ఆర్భాటంగా మొదలెట్టారు, ఆర్నెల్లలో ఎత్తేశారు. జనం ఎక్కలేదా, రాజకీయమా? నిజం చెప్పండి. – రిటైర్డ్ టీచర్, తణుకు

మాస్టారూ, జనం ఎక్కలేదు అనడం తప్పు, రాజకీయం ఒక్కటే అనడం కూడా తప్పు. గన్నవరానికి ఇంటర్నేషనల్ హోదా 2017లో వచ్చింది. సింగపూర్ ఫ్లైట్ 2018 డిసెంబర్ 4న మొదలైంది. అది దానంతట అది వచ్చింది కాదు, రాష్ట్ర ప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ కింద తెచ్చింది, అంటే సీట్లు మిగిలిపోతే ఆ లోటు మేం పూడుస్తాం అని కంపెనీకి మాట ఇవ్వడం. 2019లో ఆ డబ్బు ఆగింది, ఆ ఏడాది మధ్యలోనే ఫ్లైటూ ఆగింది. మళ్ళీ సింగపూర్ ఫ్లైట్ గన్నవరంలో ఎక్కడానికి 2025 నవంబర్ దాకా పట్టింది.

నా ఉద్దేశం ఏంటంటే ఆ డబ్బు ఇవ్వడం తప్పు కాదు. కొబ్బరి మొక్క వేస్తే మొదటి ఐదారేళ్ళు నీళ్ళు మోయాల్సిందే, కాపు రాలేదని రెండో ఏడాదే పీకేస్తామా? కొత్త రూట్‌కి కూడా జనం అలవాటు పడాలి, ఏజెంట్లు ఆ ఫ్లైట్ పేరు నోటికి తెచ్చుకోవాలి, పెళ్ళిళ్ళూ చుట్టీలూ దాన్ని చూసి పెట్టుకోవాలి. దానికి ఆర్నెల్లు ఏం సరిపోతాయండి. ఐతే ఎల్లకాలం నీళ్ళు మోయించుకునే చెట్టైతే మాత్రం అది మన నేలకి పనికొచ్చే చెట్టు కాదు. దేశంలో చిన్న ఊళ్ళకి విమానాలు వేయించే ఉడాన్ స్కీములో కూడా ఈ సాయం మూడేళ్ళకే పెట్టింది అందుకే.

అదే గన్నవరం నుంచి 2022 అక్టోబర్ 31న షార్జాకి మొదలైన ఫ్లైట్ చూడండి, అదెప్పుడూ పేపర్లో మొదటి పేజీ ఎక్కలేదు. సింగపూర్ ఊహ మీద వేసిన రూటు, రాజధాని వస్తుంది వ్యాపారం వస్తుంది అని. షార్జా అప్పటికే వెళ్తున్న జనాన్ని చూసి వేసిన రూటు.

బయటి ఊళ్ళ ముచ్చట కూడా ఒకటి రెండు. శ్రీలంకలో మత్తల అని ఒక ఎయిర్‌పోర్టు ఉంది, 2013లో తెరిచారు, 3,500 మీటర్ల రన్‌వే, చైనా అప్పు. చుట్టూ అడవీ ఏనుగులూ. ప్రపంచంలోనే ఖాళీ ఎయిర్‌పోర్టు అని పేరు పడిపోయింది, కొన్నాళ్ళు దాని కార్గో గోడౌన్లలో వడ్లు నిలవ చేశారు. మన మిల్లర్లు వింటే దాళ్వా ధాన్యానికి మంచి గోడౌనే అంటారేమో. మన దేశంలో కుశీనగర్ 2021 అక్టోబర్ 20న ప్రారంభించారు, కొలంబో నుంచి బౌద్ధ భిక్షువులతో మొదటి ఫ్లైట్ దిగింది, ఆ తర్వాత ఇంటర్నేషనల్ ఫ్లైట్లు నిలబడలేదు. బుద్ధుడు అక్కడే నిర్యాణం చెందాడు, యాత్రికులూ ఉన్నారు, ఐనా సరే. గయకి మాత్రం చలికాలంలో బ్యాంకాక్ నుంచీ అటునుంచీ ఫ్లైట్లు వస్తాయి, సీజన్ అవ్వగానే సర్దుకుంటాయి. ఆ పద్ధతి నాకు నచ్చింది, సిగ్గుపడకుండా సీజన్ ఫ్లైట్ అనే ఒప్పుకోవడం. మనకీ జనవరి, జులై, ఆగస్టు నెలలకి అలా అడగొచ్చు కదా, ఎవరూ అడగరు, అందరికీ ఏకంగా రోజూ ఫ్లైటే కావాలి.

నిలబడ్డ ఊరు కూడా చెప్పాలి లెండి. ఐర్లండ్‌లో పడమటి మూల నాక్ అని చిన్న పల్లె, చర్చి ఉన్న ఊరు, అక్కడి ఫాదర్ ఒకాయన, మాన్సిన్యోర్ హొరాన్, పట్టుబట్టి ఎయిర్‌పోర్టు కట్టించాడు, 1986లో అఫీషియల్‌గా తెరిచారు. మంచూ బురదా తప్ప ఏముంది ఆ కొండ మీద అని వెక్కిరించినవాళ్ళు బోలెడు మంది. అది ఈరోజుకీ నడుస్తోంది, ఎందుకంటే ఆ చుట్టుపక్కల పల్లెల జనం ఇంగ్లండ్ వెళ్ళి పనులు చేసుకునేవాళ్ళు, దూరం గంటా గంటన్నర, టికెట్ చవక, శని ఆదివారాలకి కూడా ఇంటికొచ్చి పోవచ్చు. ఎక్కే ప్రతి మనిషి దగ్గరా పది యూరోలు డెవలప్‌మెంట్ ఫీజు అని వసూలు చేసేవాళ్ళు, జనం గొణుక్కుంటూనే కట్టారు. మనం వాళ్ళతో పోల్చుకునేటప్పుడు మర్చిపోయేది ఒక్కటే, వాళ్ళ మనిషి ఏడాదికి నాలుగైదు సార్లు వస్తాడు, మన మనిషి రెండేళ్ళకి ఒక్కసారి.

ప్రశ్న: పెద్ద విమానం నిండకపోతే చిన్నది వేయొచ్చుగా? ఏటీఆర్ వస్తోందిగా మనకి. – డిగ్రీ స్టూడెంట్, కాకినాడ

ఏటీఆర్ 72లో డెబ్బై ఎనభై సీట్ల లోపు, నిండటం తేలికే. కానీ నిండు లోడుతో అది పోగలిగేది ఓ 1,500 కిలోమీటర్లు, దుబాయ్ దానికి రెట్టింపు దూరం. అరేబియా సముద్రం మధ్యలో బంక్ ఉండదు నాయనా.

ప్రశ్న: మా అమ్మాయి కువైట్ నుంచి హైదరాబాద్ వచ్చి, అక్కణ్ణుంచి రాజమండ్రి ఫ్లైట్ ఎక్కింది. అక్కడ తూకం వేసి ఎక్కువైందని డబ్బు కట్టమన్నారట, కట్టలేక ఒక అట్టపెట్టె వదిలేసి వచ్చింది. పిల్లలకి కొన్న బొమ్మలండి అందులో. కువైట్‌లో ఒప్పుకున్న బరువు ఇక్కడ ఎందుకు ఒప్పుకోరు? – ఓ తల్లి, మలికిపురం దగ్గర

అమ్మా, ఇది చదివి నాకు మనసు బాలేదు. మా షాపులో ఇనప కొక్కెం ఉన్న తూకం కాటా ఒకటి ఉండేది, నైలాన్ తాడుతో కట్టిన అట్టపెట్టెలు, పైన మార్కర్‌తో పేరూ ఊరూ మండలం, ఆ కొక్కానికి తగిలించి 29 కిలోల 800 వచ్చేదాకా దుప్పటి తీసి, చీర పెట్టి, ఆవకాయ సీసా మార్చి మరీ చూసేవాళ్ళం. పూతరేకుల డబ్బా మాత్రం చేతిలోనే, అది పెట్టెలో పెడితే పొడే.

సంగతి ఏంటంటే గల్ఫ్ టికెట్ మీద చాలామటుకు 30 కిలోలు ఇస్తారు, దేశంలో తిరిగే ఫ్లైట్ టికెట్ విడిగా కొంటే 15 కిలోలే. మీ అమ్మాయికి ఎవరో రెండు టికెట్లు విడివిడిగా, రెండు పీఎన్ఆర్‌ల మీద తీసి ఇచ్చి ఉంటారు, వంద రెండొందలు తగ్గుతుందని ఏజెంట్లు అలా చేస్తుంటారు, నేనూ కొత్తలో చేశాను, ఆ పాపం నాకూ ఉంది. ఈసారి కువైట్ నుంచి రాజమండ్రి దాకా ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ అడగండి, అప్పుడు మామూలుగా మొదటి ఫ్లైట్ బరువే చివరిదాకా చెల్లుతుంది. టికెట్ కాగితం మీద రెండు ఫ్లైట్ల ఎదురుగా 30 అని ఉందో లేదో కళ్ళతో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

ఇంకో మాట, ఒకే టికెట్ ఐనా సరే వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో పెట్టెలు దించుకోవాలి, దేశంలో మొదట దిగినచోటే ఇమ్మిగ్రేషనూ కస్టమ్సూ. ఆ పెట్టెలు పట్టుకుని మళ్ళీ ఇంకో కౌంటర్లో వేయాలి. తెలీక ఎంతోమంది సామాను తిన్నగా రాజమండ్రి వచ్చేస్తుందనుకుని వదిలేసి వస్తారు. మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉండేలా చూసుకోండి, సంక్రాంతి ముందైతే పొగమంచు కూడా ఉంటుంది, పొద్దున ఫ్లైట్లు గాల్లో చక్కర్లు కొట్టి హైదరాబాద్‌కే తిరిగిపోయిన రోజులున్నాయి.

అసలు మన ఎమ్మెల్యేలూ ఎంపీలూ అడగాల్సింది ఇదేనని నా అభిప్రాయం. మధురపూడి మీద ఇంటర్నేషనల్ అనే బోర్డు కంటే, తెల్లారగట్ల గల్ఫ్ ఫ్లైట్లు హైదరాబాద్‌లో దిగాక ఓ నాలుగైదు గంటల్లో రాజమండ్రికి ఒక ఫ్లైట్, పొద్దుపోయాక గల్ఫ్‌కి వెళ్ళే ఫ్లైట్లని అందుకునేలా సాయంత్రం ఇక్కణ్ణుంచి ఒకటి, సామానుకి ఒకటే తూకం. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, రిబ్బన్ కత్తిరించడానికి ఏమీ ఉండదు, అందుకే ఎవరికీ పట్టదు.

ప్రశ్న: మన కంపెనీలు వేయకపోతే పోనీ, గల్ఫ్ దేశాల కంపెనీలే డైరెక్టుగా మన దగ్గరకి వస్తామంటే ఎందుకు రానివ్వరు? – మస్కట్ నుంచి, సొంతూరు పాలకొల్లు

తమ్ముడూ, ఇది రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం. ఏ దేశం కంపెనీలు వారానికి ఎన్ని సీట్లు నడపొచ్చు, మన దేశంలో ఏయే ఎయిర్‌పోర్టుల్లో దిగొచ్చు అని ముందే రాసుకుంటారు. కువైట్‌తో వారానికి 12 వేల సీట్లు ఉండేవి, చాలా ఏళ్ళు అలాగే ఉండి 2025లో 18 వేలకి పెంచారు. ఆ సీట్లు ముంబైకీ ఢిల్లీకీ కొచ్చికీ హైదరాబాద్‌కీ పంచుకుంటే చిన్న ఊరి దాకా మిగలవు, మిగిలినా జాబితాలో ఊరి పేరు ఉండాలి.

కేరళలో కన్నూర్ చూడండి. 2018 డిసెంబర్ 9న తెరిచారు, 3,050 మీటర్ల రన్‌వే, చుట్టూ ఊళ్ళన్నీ గల్ఫ్ కుటుంబాలే, మనకన్నా ఎన్నో రెట్లు. అయినా విదేశీ కంపెనీలు దిగడానికి పర్మిషన్ రాలేదు. మన దేశ కంపెనీల మీదే బతకాల్సి వచ్చింది, అందులో ఒకటి, గో ఫస్ట్, 2023 మేలో మూతపడేసరికి ఎయిర్‌పోర్టు చతికిలబడింది. ఢిల్లీ వాళ్ళ వాదన ఏంటంటే విదేశీ కంపెనీలని ప్రతి చిన్న ఊరికీ రానిస్తే మన కంపెనీలు ఎప్పటికీ ఎదగవు, మన జనం అంతా వాళ్ళ హబ్బుల (విమానం మారే పెద్ద ఎయిర్‌పోర్టుల) మీదుగానే అమెరికా పోతారు అని. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ ఎదిగేదాకా ఖరీదు కట్టేది పన్నెండు గంటలు బస్సులో కూర్చునే మనిషి, అదే నా బాధ.

ప్రశ్న: మనుషులు చాలకపోతే రొయ్యలు ఎక్కించండి. ఆక్వా అంతా మా దగ్గరే కదా. – చెరువుల రైతు, ఆకివీడు

మంచి ప్రశ్నే కానీ మన వెనామీ రొయ్య గడ్డకట్టించిన సరుకు, కంటైనర్లో ఓడ మీద పోతుంది, కిలోకి అంత కిరాయి పెట్టి విమానం ఎక్కించే అవసరం దానికి లేదు. విమానం ఎక్కేది బతికున్నదే. కోరంగి మడ అడవుల వైపు దొరికే మండపీత ఉంది కదా, కాళ్ళు కట్టి, తడి గోనె మీద పేర్చి పంపుతారు, అలాంటి పీతలు ప్రాణంతో చెన్నై నుంచి విమానంలో సింగపూర్ వైపు పోతాయి. రొయ్య పిల్లకి తల్లి రొయ్యలు కూడా అమెరికా నుంచి విమానంలోనే వస్తాయి, కానీ చెన్నై నీలాంగరైలో క్వారంటైన్ చేశాకే మన హేచరీలకి. కాబట్టి ప్యాసింజర్ విమానం పొట్టలో ఓ టన్నో రెండు టన్నులో పీతలు వేస్తే టికెట్‌కి కాస్త ఆసరా, అంతవరకే. పీతలు నిండే రోజున మనుషులూ నిండాలి, చేపల వేట నిషేధం రోజులూ గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: మా బాబాయి బహ్రెయిన్‌లో పోయారు. హైదరాబాద్ వెళ్ళి తెచ్చుకోవాలన్నారు. రాజమండ్రికే రాదా? ఎలా చేయాలో ఎవరూ సరిగా చెప్పట్లేదు. – మామిడికుదురు

రాజమండ్రికి తిన్నగా రాదండి, విదేశం నుంచి వచ్చే పెట్టె కస్టమ్సూ ఎయిర్‌పోర్టు హెల్త్ ఆఫీసరూ ఉన్నచోటే దిగాలి. బహ్రెయిన్‌లో ఆయన పనిచేసిన కంపెనీ వాళ్ళనీ మన ఎంబసీనీ అడగాల్సినవి డెత్ సర్టిఫికెట్, ఎంబాల్మింగ్ సర్టిఫికెట్, ఎంబసీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), క్యాన్సిల్ చేసిన పాస్‌పోర్టు. వీటి ఫొటోలు ముందే తెప్పించుకోండి. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వ సొసైటీ ఏపీఎన్ఆర్‌టీ ఉంది, ఎయిర్‌పోర్టు నుంచి ఇంటి దాకా అంబులెన్స్ సాయం గురించి వాళ్ళని ముందే అడగండి, దిగాక కాదు. వెళ్ళేవాళ్ళు ఇద్దరు చాలు, ఒకరు దగ్గరి బంధువై ఉండి ఆధార్ పట్టుకెళ్ళాలి. ఎయిర్‌వే బిల్ (కార్గో రసీదు) నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి, ప్రతి కౌంటర్లో అదే అడుగుతారు. శంషాబాద్‌లో ప్యాసింజర్లు బయటికొచ్చే గేటు దగ్గర నిలబడకండి, పెట్టె అటు రాదు, కార్గో టెర్మినల్ వేరే ఉంది, అంబులెన్స్ డ్రైవర్‌కి ముందే అక్కడికే రమ్మని చెప్పండి.